సీతాఫలం గంప, మా నోట్‌బుక్‌లో ఐదో గీత



పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు: "మన తండాలల్ల, గూడేలల్ల దొరికేదానికి కొదువ లేదు, అమ్ముకునుడే వస్తలేదు. మీరు సీతాఫలాలు అమ్మిన్రట కదా, ఎట్ల చేసిన్రో రాయుండ్రి" అని. అప్పుడు రెండు ముక్కల్లో జవాబిచ్చి వదిలేసినం. కానీ రెండు ముక్కల్లో చెప్తే అబద్ధం చెప్పినట్టే అయితది. అందుకే కూసొని మొత్తం రాస్తున్నం.

"మేము" అంటే నలుగురం. చందుర్తి మండలంలో ఒకే తండా పిల్లలం. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. కరీంనగర్‌లో హాస్టళ్లల్ల ఉండి డిగ్రీ చదువుతున్నం. ముగ్గురం కామర్స్, ఒకరు సైన్స్. ముందే చెప్తున్నం, ఇది గెలుపు కథ కాదు. మూడు సీజన్ల లెక్క. అందులో ఒక సీజన్ మొత్తం నష్టం.

మా దిక్కు గుట్టల మీద సీతాఫలం చెట్లు ఎవరూ పెట్టినవి కావు. దసరా ముందు నుంచి కాయ వస్తది, కార్తీకం దాక ఉంటది. మా యాడిలు తెల్లారకముందే గుట్ట ఎక్కి తెంపుకొస్తరు. తండా మొదట్ల మారుబేరగాడు ఆటో పెట్టుకొని నిలబడతడు. గంపకు 50 కాయలు, గంపకు 150 రూపాయలు. అంటే కాయకు 3. అదే కాయ కరీంనగర్‌లో మా హాస్టల్ దగ్గర బండి మీద 10 రూపాయలకు అమ్ముతుంటే మొదటిసారి చూసినప్పుడు మాకు కడుపు మండింది. మొత్తం కథ అక్కడ్నే మొదలైంది.

2023, డిగ్రీ మొదటి సంవత్సరం. దసరా సెలవులకు ఇంటికి పోయి యాడిలతో అన్నం: "ఈసారి బేరగానికి ఇయ్యకుండ్రి. మాకియ్యిండ్రి. గంపకు 200 ఇస్తం, అమ్మినంక ఇస్తం." చదువుకున్న పిల్లలు చెప్తున్నరని వాళ్లు నమ్మిన్రు. 20 గంపలు, 1000 కాయలు. ఒక రీల్ కూడా చేసినం, గుట్ట, మంచు, గంప, వెనక పాట. వెయ్యి మందికి పైనే చూసిన్రు. మార్కెటింగ్ అంటే అదే అనుకున్నం. అందరికీ తెలిసేటట్టు చేస్తే అదే అమ్ముడుపోతది అని.

ఆటో కట్టుకొని కరీంనగర్ పోయినం. మొదటి రోజు 8 రూపాయల చొప్పున 400 పోయినయ్. సంబురపడ్డం. రాత్రి హాస్టల్ వరండాలో గంపలు పెట్టుకొని పడుకున్నం. తెల్లారి లేచేసరికి మిగిలినవన్నీ ఒక్కసారే మెత్తపడ్డయి. కొన్ని పగిలినయ్. మధ్యాహ్నం దాక తిరిగి తిరిగి 150 కాయలు 3 రూపాయల లెక్క తోసేసినం. 450 కాయలు పారబోసినం. రీల్ చూసి వచ్చి కొన్నోళ్లు ఒక్కరు కూడా లేరు.

లెక్క ఇది: వచ్చింది 3650. ఆటో 800, జాగ కిరాయి 100, మా తిండి 150. చేతిల మిగిలింది 2600. యాడిలకు ఇయ్యాల్సింది 4000. ఇంకా 1400 తక్కువ. అవి రెండు నెలలు మా చేతి ఖర్చులు ఆపుకొని కట్టినం. మా నలుగురిలో ఎవరింట్ల కూడా మాకంటే ముందు కాలేజీకి పోయినోళ్లు లేరు. "చదివి ఏం నేర్చుకున్రు" అని ఎవ్వరూ అనలేదు. అనకపోవుడే ఎక్కువ బాధ అనిపించింది.

ఆ తర్వాత మా యాడిలల్ల ఒకామె చెప్పింది మాట: "మీరు అన్ని ఒక్కతీరు కాయలే ఏరుకున్నరు. మంచిగ కండ్లు విచ్చుకున్నయి, తెల్లగ గీత పడ్డయి. అవి ఒక్కపూటనే పండుతయి. మేము గంప నింపేటప్పుడు మూడు తీర్లు కలుపుతం."

కాయ మీద కండ్ల మధ్య సందు వెడల్పయి, లేత పసుపు రంగు తేలితే అది ముదిరినట్టు. తెంపినంక రెండు మూడు రోజుల్లో పండుతది. సందు ఇంకా ఆకుపచ్చగ ఉంటే ఇంకొన్ని రోజులు ఆగుతది. మరీ లేతది తెంపితే పండదు, నల్లబడి గట్టిపడతది. ఫ్రిజ్‌ల పెట్టినా తోలు నల్లబడతది. అంటే ఈ సరుకుకు గడియారం ఉంది. ఆ గడియారం చూడొచ్చేది మా యాడిలకు. మేము వాళ్లను అడగకుండనే వాళ్ల సరుకు అమ్మవోయినం.

ఇగ రెండో సంవత్సరం. మా కామర్స్ క్లాసుల ఒక పాఠం వచ్చింది. డెమింగ్ అనే అమెరికన్ ఆయన 1950లో జపాన్ పోయి అక్కడి ఇంజనీర్లకు, కంపెనీ పెద్దలకు క్వాలిటీ గురించి పాఠాలు చెప్పిండు. ఆయన చెప్పినదాన్ని జపానోళ్లు ఒక చక్రం లెక్క మలుచుకున్నరు: ప్లాన్, డూ, చెక్, యాక్ట్. అనుకో, చిన్నగ చేసి చూడు, ఏమైందో కొలువు, దాన్నిబట్టి సరిదిద్దు, మల్ల మొదటికి రా. 1951 నుంచి ఆయన పేరు మీద జపాన్‌లో బహుమతి కూడా ఇస్తున్నరు. పరీక్షకు ఐదు మార్కుల ప్రశ్న అది. మేము దాన్ని మొదటిసారి మార్కుల కోసం కాకుండ చదివినం, ఎందుకంటే మేము చేసిన తప్పు అందులో కనబడ్డది. మేము వెయ్యి కాయలతో ఒక్కసారే "డూ" చేసినం. ముందు లేదు, వెనక లేదు.

అదే క్లాసుల అరకు కాఫీ గురించి కూడా విన్నం. ఇది మనందరం తెలుసుకోవాల్సింది. అరకు లోయ ఆదివాసీ రైతుల కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణంల అమ్ముడు మొదలైంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు జీఐ గుర్తింపు వచ్చింది. పేపర్ల ఇంతే రాస్తరు, అందుకే ఒక్కసారి పారిస్‌కు ఎగిరినట్టు కనబడతది. కానీ దానికి చాలా ఏండ్ల ముందు నుంచే నాంది ఫౌండేషన్ వాళ్లు ఆ రైతులతో పనిచేస్తున్నరు. ఎర్రగ పండిన కాయనే తెంపాలె, పచ్చిది కలపొద్దు అని నేర్పుకుంటూ వచ్చిన్రు. 2009 నుంచి "జెమ్స్ ఆఫ్ అరకు" అని పోటీ పెట్టి, వేరే దేశాల నుంచి రుచి చూసేటోళ్లను పిలిపిస్తున్నరు. వాళ్లు రైతుల కాఫీ తాగి మార్కులు వేస్తరు. రుచి చూసి చెప్పే మాట చెట్టు దగ్గరి దాక వస్తది. పారిస్ దుకాణం ఆ పని పెట్టిన ఎనిమిదేండ్లకు తెరిచిన్రు.

మా వెనక సంస్థ లేదు, వేరే దేశం వాళ్లు లేరు. కానీ కొనేటోళ్లు ఏమంటున్నరో తెలుసుకొని చెట్టు దాక తెచ్చుడుకు పైసలు అక్కరలేదు కదా అనిపించింది. 20 రూపాయల నోట్‌బుక్ ఒకటి కొన్నం. పేజీకి నాలుగు గీతలు కొట్టినం:

ఈ వారం ఏం మార్చినం.
ఎన్ని పోయినయ్, ఎంతకు.
ఎన్ని మిగిలినయ్.
కొనకుండ పోయినోళ్లు ఏమన్నరు.

వారానికి ఒక్కటే మార్చాలె అని నియమం పెట్టుకున్నం.

2024 మొదటి వారం జాగ మార్చినం. కరీంనగర్ వద్దనుకొని వేములవాడ పోయినం. రాజన్న గుడికి సోమవారం జనం ఎక్కువ. కోడె మొక్కులకు దూరం నుంచి వస్తరు. ఆటో ఖర్చు సగం తగ్గింది. పారబోసే కాయ మాత్రం తగ్గలేదు. నాలుగో గీతల రాసుకున్న మాటలు చూస్తే ఎక్కువమంది ఒకటే అన్నరు: "మేము హైదరాబాద్ పోవాలె, ఇప్పుడు కొంటే ఇంటికి పోయేసరికి పిసికిపోతయి." ఇంకొందరు: "ఇవి ఎప్పుడు పండుతయో ఏమో."

రెండో వారం దానికి జవాబు యాడిలే ఇచ్చిన్రు. మూడు గంపలు వేరుగ పెట్టిన్రు. మేము అట్టముక్కల మీద రాసినం: "ఇయ్యాల తినేది", "రేపు తినేది", "ఎల్లుండి తినేది". అంతే. దూరం పోయేటోళ్లు ఎల్లుండి గంప దగ్గర ఆగుడు మొదలుపెట్టిన్రు. ఒకాయన మూడు గంపల నుంచి నాలుగు నాలుగు కొనుక్కొని పోయిండు. ఆ వారం మిగిలినవి 100కు 20 కన్నా తక్కువ. యాడిలకు ఎప్పటి నుంచో తెలిసిన విషయమే అది. అట్టముక్క మీదికి రావడానికి మాత్రం ఒక ఏడాది, 1400 రూపాయలు పట్టింది.

మూడో వారం ధర బోర్డు. ఇది ఎందుకు పెట్టినమో చెప్పాలె. గంప ముందు కూసున్న మా యాడిల దగ్గరికి వచ్చేటోళ్లు ఎక్కువమంది "ఏ, ఎట్లిచ్చినవే" అని అడుగుతరు. వయసు చూడరు. పెద్ద షాపుల అట్ల అడగరు. ఆ మాట విని మేము ఎన్నిసార్లు తల తిప్పుకున్నమో. "డజను 100" అని పెద్దగ రాసి పెట్టినం. బేరం తగ్గింది. దానితోపాటు ఆ "వే" కూడా కొంచెం తగ్గింది. ఎందుకంటే ధర అడిగే పని లేకపోయింది. కొందరు నేరుగ "ఒక డజను ఇయ్యమ్మా" అన్నరు. నోట్‌బుక్‌లో దీనికి గీత లేదు. అయినా రాసుకున్నం.

నాలుగో వారం తప్పు చేసినం. ఒకేసారి రెండు మార్చినం, అట్టపెట్టెల్లో ఎండుగడ్డి వేసి ప్యాకింగ్, దాంతో పాటు ధర తగ్గింపు. అమ్మకం పెరిగింది. ఏ దానివల్ల పెరిగిందో చెప్పలేకపోయినం. పైగా ఆ వారం పండుగ జనం ఉన్నరు. అప్పుడు అర్థమైంది, లెక్క రాస్తే సరిపోదు, పోల్చాలె. పండుగ సోమవారాన్ని పండుగ సోమవారంతోటి, మామూలు సోమవారాన్ని మామూలు సోమవారంతోటి. తర్వాత వారం ధర మల్ల ఎక్కించి, పెట్టెలు మాత్రం ఉంచినం. అమ్మకం పెద్దగ తగ్గలేదు. అంటే పని చేసింది పెట్టె. ధర తగ్గించి ఊరికే పోగొట్టుకున్నం.

ఇక్కడి దాక చదివినోళ్లు మంచిగ నడుస్తున్నది అనుకుంటరు. మేము కూడా అట్లనే అనుకున్నం. ఉత్సాహం ఎక్కువై, సోమవారమే ఎందుకు, మంగళ, బుధ కూడా కూసోండ్రి అని యాడిలకు చెప్పి హాస్టల్‌కు వచ్చేసినం. ఫోన్‌ల లెక్క అడిగి నోట్‌బుక్‌లో ఎక్కించుడు. అమ్మిన కాయల సంఖ్య పెరుగుతుంటే మా గీత పైకి పోతున్నది అని సంబురం.

దీపావళికి ఇంటికి పోయినప్పుడు పొయ్యి దగ్గర కూసొని ఆ పేజీలు చదివి వినిపించినం. యాడి మొత్తం విని, మా బోలీలో ఒక్క మాట అడిగింది: "బేటా, నీ పుస్తకంల కాయలున్నయి, పైసలున్నయి. నేనేడున్న?"

మాకు మొదలు అర్థం కాలేదు. తర్వాత ఆమెనే చెప్పింది. సీతాఫలం వచ్చే రోజులే పత్తి ఏరే రోజులు. పత్తికి పోతే మనిషికి రోజుకు 400 వస్తున్నయి. గంప ముందు కూసుంటే ఆ కూలి పోతది. ఇద్దరు ఆడోళ్లు పోతే 800 పోతయి. మేము ఆ 800 ఎక్కడా రాయలేదు. ఆమె పొద్దంతా ఎండల కూసునుడు మా లెక్కల "ఉచితం".

ఆ రాత్రి మల్ల మొదటి నుంచి లెక్క వేసినం. మంచి సోమవారం: 300 కాయలు, 2400 రూపాయలు. బేరగానికి ఇస్తే 900 వచ్చేవి. ఎక్కువ వచ్చింది 1500. ఆటో, పెట్టెలు 300 తీస్తే 1200. ఇద్దరి కూలి 800 తీస్తే మిగిలేది 400. ఇది మంచి రోజు సంగతి. మంగళ, బుధ వారాలు: 120 కాయలు, 960 రూపాయలు. బేరగాడు ఇచ్చే 360 తీస్తే 600. ఖర్చులు 300 తీస్తే 300. కూలి 800 తీస్తే 500 నష్టం. ప్రతి రోజూ 500 నష్టం చేసుకుంటూ మా గీత పైకి పోతున్నది అని మురిసిపోయినం. ఆ నష్టం మోసింది మా యాడిలు. వాళ్లు ఫోన్‌ల ఒక్కసారి కూడా చెప్పలేదు, పిల్లలు కష్టపడుతున్నరు కదా అని.

అప్పుడే నోట్‌బుక్‌లో ఐదో గీత కొట్టినం: యాడి కూలి.

ఈ పోస్ట్ మొత్తం రాసింది ఈ ఒక్క మాట కోసం. అమ్మకాన్ని వారం వారం మెరుగు చేసుకుంట పోవచ్చు. అది కష్టం కాదు, ఓపిక ఉంటే చాలు. కానీ ఏది కొలుస్తమో అదే మెరుగైతది. కొలవనిది ఎవరో ఒకరి నెత్తి మీద పడతది. మన ఇండ్లల్ల అది ఎక్కువసార్లు ఆడోళ్ల నెత్తి మీదనే పడతది, వాళ్లు నోరు తెరిచి చెప్పరు కాబట్టి మనకు కనబడదు.

ఐదో గీత వచ్చినంక 2025లో చాలా మారింది. మొదటిది, ఆది, సోమ వారాలే అమ్మాలె అని నిర్ణయం. ఆదివారం మాకు సెలవు, మేము పోయి నిలబడతం. సోమవారం ఒక్క యాడి మాత్రమే, వంతుల వారీగ. ఆమెకు ముందు 400 కూలి, తర్వాతనే మిగతా పంపకం.

రెండోది, మిగతా రోజులు కాయ బేరగానికే. అవును, అదే మనిషికి. మొదటి ఏడాది ఆయన్ని మేము దొంగ లెక్క చూసినం. మేమే ఆటో కట్టి, కాయ పారబోసినంక ఆయన ఖర్చులు కూడా తెలిసినయ్. అయితే ఈసారి మా దగ్గర రెండేండ్ల ధరలు రాసి ఉన్నయి. పెద్ద కాయ, చిన్న కాయ వేరుగ ఏరి పెట్టి, "పెద్దదానికి 5, చిన్నదానికి 3" అన్నం. రెండు రోజులు ఆటో ఆపలేదు. మూడో రోజు ఆపిండు. సీజన్ అయిపోయినంక చూస్తే, మేము నిలబడి అమ్మిన దానికన్నా ఈ 2 రూపాయల తేడాతోనే తండాకు ఎక్కువ వచ్చింది.

మూడోది పైసల సంగతి. ముందు ఏడాది క్యూఆర్ కోడ్ మాలో ఒకరి ఫోన్‌ది పెట్టినం. ఒక చిన్నమ్మ అన్నది: "పైసలన్నీ నీ ఫోన్‌లకు పోతున్నయి. నా చేతికి ఏమొచ్చింది?" అప్పుడు మనసు నొచ్చుకున్నం. ఆలోచిస్తే ఆమె అడిగిందే న్యాయం. చదవరాని మనిషి ముందు నుంచి ఎవరో ఫోన్ చూపించి "పంపిన" అని పోతే ఆమె దేన్ని నమ్మాలె? 2025లో క్యూఆర్ వాళ్ల సంఘం ఖాతాకు మార్పించినం, సౌండ్ బాక్స్ పెట్టినం. డబ్బా నోటితో తెలుగులో "వంద రూపాయలు" అని చెప్పినప్పుడు చిన్నమ్మ మొఖం చూడాలె. మార్కెటింగ్ పుస్తకంలో కస్టమర్ నమ్మకం గురించి ఒక అధ్యాయం ఉంది. అమ్మేటోళ్ల నమ్మకం గురించి ఒక్క పేజీ కూడా మాకు కనబడలేదు.

నాలుగోది క్యాలెండర్. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అందుకే కార్తీకం నవంబర్ నడుమల మొదలైంది. అప్పటికి మా గుట్టల మీద కాయ అయిపోవచ్చింది. 2025లో కార్తీకం అక్టోబర్ 22కే మొదలైంది. కార్తీక సోమవారాలు, కాయ, రెండూ కలిసినయ్. ఇది ముందే చూసుకొని చెట్లు వంతులు వేసుకొని తెంపినం. కానీ అక్టోబర్ ఆఖరుకు మొంథా తుపాను వాన పడ్డది. తడిసిన కాయ నల్లబడ్డది. ఆ వారం ఆది, సోమ రెండు రోజులు అమ్మలేదు. ఎంత ప్లాన్ చేసినా గుట్ట మీద ఉన్నది వానకు కూడా సొంతమే.

మొత్తం సీజన్‌ల పది రోజులు అమ్మినం. మిగిలి పారబోసింది 100కు 12. మొదటి ఏడాది 45. కూలి, ఖర్చులు, బేరగాడు ఇచ్చే ధర అన్నీ తీసేసి మిగిలింది 6300. తొమ్మిది ఇండ్లకు పంచితే ఇంటికి 700. ఇది చదివి నవ్వుకునేటోళ్లు ఉంటరు. నవ్వుకోండ్రి. కానీ ఈ 700ల ఎవరి కూలీ దాగి లేదు. అది మాకు పెద్ద విషయం.

ఇంకో రెండు సంగతులు చెప్పి ముగిస్తం.

ఒకటి, ఒక్క కొనేటోని మీద ఆధారపడొద్దు. దీనికి దూరం పోనక్కరలేదు, మన సిరిసిల్లనే చూడుండ్రి. 2017 నుంచి సర్కారు బతుకమ్మ చీరల ఆర్డర్‌తో మరమగ్గాలు నడిచినయ్. నేసేటోళ్లకు పని దొరికింది, అది మంచిదే. ఆ పథకం ఆగినప్పుడు చాలా మగ్గాలు ఒక్కసారే నిలబడిపోయినయ్. నేత రానోళ్లు కాదు వాళ్లు. కొనేటోడు ఒక్కడే అయిపోయిండు. మాకు బేరగాడు ఒకడు, గుడి దగ్గరి జనం ఒకరు, కరీంనగర్‌లో ఫోన్ చేసి అడిగే తొమ్మిది కుటుంబాలు ఇంకొకరు. ఒకటి ఆగినా ఇంకోటి ఉంటది.

రెండోది, హక్కు తెలుసుకొని ఉండుండ్రి. ఒకసారి తొవ్వల ఒకాయన మా ఆటో ఆపి "అడవి కాయ, పర్మిషన్ ఉందా" అన్నడు. ఆ రోజు మాకు నోరు పెగలలేదు. తర్వాత చదువుకున్నం. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(1)(సి) ప్రకారం తరతరాలుగ ఏరుకుంటున్న చిన్న తరహా అటవీ ఫలసాయం మీద సొంతహక్కు, ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు అడవిల ఉండే గిరిజనులకు ఉంది. 2012లో సవరించిన నియమాల ప్రకారం అడవి బయటికి తీసుకపోయి అమ్ముకునుడు కూడా ఆ హక్కులో భాగమే. రవాణా పర్మిట్ అవసరమైతే అది ఇచ్చేది గ్రామసభ వేసుకున్న కమిటీ. మీ ఊర్ల హక్కు పత్రాలు, కమిటీ ఉన్నయా లేవా ముందు అడుగుండ్రి. లేకపోతే అడిగి పెట్టించుకోండ్రి. ధర బోర్డు కన్నా ముందు పెట్టుకోవాల్సిన బోర్డు అది.

కాని పని కూడా చెప్పాలె కదా. గుజ్జు తీసి ఐస్‌క్రీం వాళ్లకు ఇద్దామని ఒకసారి చూసినం. తీసిన కొంచెంసేపట్ల రంగు మారింది. ఫ్రీజర్ కావాలె, కరెంటు ఆగొద్దు. 2018లో మొదలైన వన్ ధన్ కేంద్రాలల్ల 15 సంఘాలు, సంఘానికి 20 మంది, మొత్తం 300 మంది కలిస్తే ఇసోంటి పనికి సాయం దొరుకుతది అని చదివినం. మాకు తొమ్మిది ఇండ్లే ఉన్నయి. చుట్టుపక్కల తండాలతోటి మాట్లాడుతున్నం. ఈ గ్రూపులో ఎవరన్నా అట్ల కేంద్రం నడిపిన అనుభవం ఉన్నోళ్లు ఉంటే రాయుండ్రి. మంచి, చెడు రెండూ రాయుండ్రి.

వచ్చే సీజన్‌కు మేము నలుగురం ఎక్కడుంటమో తెలియదు. డిగ్రీ అయిపోతది, ఒకరు బీఈడీ అంటున్నరు, ఒకరు పోలీస్ పరీక్ష. మేము లేకపోతే ఆగిపోయేది అయితే ఇది మెరుగైనట్టు కాదు. అందుకే పోయిన కార్తీకంలనే నోట్‌బుక్ ఎనిమిదో తరగతి చదివే మా తండా చెల్లెకు ఇచ్చేసినం. ఆమె రాస్తది, చదివి వినిపిస్తది. చదవరాని యాడిలు వాళ్ల పద్ధతి వాళ్లు పెట్టుకున్నరు: మిగిలిన కాయకు ఒక చింతగింజ డబ్బాల వేస్తరు. పొద్దుగూకినంక లెక్కపెడతరు. తునికాకు కట్టకు 50 ఆకులు లెక్కపెట్టి కట్టిన చేతులు అవి. లెక్క వాళ్లకు మనకన్నా ముందే తెలుసు, మనం అడగలేదు అంతే.

మొన్న చెల్లె ఫోన్ చేసి అడిగింది: "అన్నా, అక్కా, ఇంకో గీత కొట్టొచ్చా? వంతు రోజు యాడి పొద్దున ఏం తినకుండ పోతున్నది. అది ఏడ రాయాలె?"

కొట్టు చెల్లె అన్నం. ఆరో గీత ఆమెదే.

మీ దిక్కు ఇప్పపువ్వో, తేనెనో, చింతపండో, కుంకుడుకాయో ఏదుంటే అది, వచ్చే సీజన్‌కు ఒక్క నోట్‌బుక్ పెట్టుండ్రి. మొదటి పేజీల గీతలు కొట్టే ముందు మీ యాడిని, అవ్వను కూసోబెట్టి ఏం రాయాలెనో అడుగుండ్రి. మేము ఆ పని రెండేండ్లు ఆలస్యంగ చేసినం.

రామ్ రామ్. జోహార్.